గజ్జల్లో ఉబ్బు కనిపించింది, బరువులు మానేయాలా?

ప్రశ్న: నా వయసు 34. నాలుగేళ్లుగా వారానికి నాలుగు రోజులు జిమ్‌కి వెళ్తున్నాను. డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి బార్ ఎత్తడం) 140 కిలోల దాకా వచ్చింది. మూడు వారాల కిందట స్నానం చేస్తుంటే కుడి గజ్జల్లో గోలీకాయంత ఉబ్బు చేతికి తగిలింది. నొప్పి పెద్దగా లేదు. సాయంత్రానికి మాత్రం అక్కడ ఏదో లాగుతున్నట్టు, బరువుగా ఉంటుంది. పడుకుంటే ఉబ్బు కనిపించదు. ట్రైనర్‌కి చెబితే "కండరం పట్టేసి ఉంటుంది, బెల్ట్ బిగించి చెయ్యి" అన్నాడు. నెట్‌లో చూస్తే హెర్నియా అంటున్నారు. జన్మలో మళ్లీ బరువు ముట్టుకోకూడదని ఒకరు, వ్యాయామంతోనే పోగొట్టుకోవచ్చని ఇంకొకరు. ఇంట్లో చెప్పలేదు. చోటు అలాంటిది కాబట్టి డాక్టరుకి చూపించాలన్నా మొహమాటంగా ఉంది. జిమ్ మానేస్తే నాలుగేళ్ల కష్టం పోతుందేమోనని భయం. ఏవి చేయొచ్చు, ఏవి మానాలి, ఎన్ని కిలోల దాకా ఫర్వాలేదో చెప్పగలరా?
– ఒక పాఠకుడు

సమాధానం: మీరు అడిగింది కిలోల లెక్క. నా కన్ను మాత్రం "ఇంట్లో చెప్పలేదు" అన్న చోట ఆగిపోయింది. ఎందుకంటే ఈ విషయంలో నేను మీకన్నా ఘనుణ్ణి. నేను డాక్టర్ని కాను, ఇరవై ఏళ్లకు పైగా బరువులు ఎత్తుతూ, ఎత్తిస్తూ బతుకుతున్నవాణ్ణి. నాకూ కుడి గజ్జల్లోనే వచ్చింది. ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. సెట్ అయ్యాక అద్దానికి వీపు తిప్పి, జేబులో ఏదో వెతుక్కుంటున్నట్టు నటిస్తూ వేళ్లతో ఆ ఉబ్బును లోపలికి నెట్టుకునేవాణ్ణి. నా దగ్గర నేర్చుకునే కుర్రాడొకడు "అన్నా, రోజూ ఏం పారేసుకుంటున్నావ్?" అని అడిగాడు కూడా. చివరికి సర్జన్ దగ్గరికి వెళ్తే ఆయన నిలబడమన్నాడు, గజ్జల దగ్గర రెండు వేళ్లు ఆనించి, తల పక్కకి తిప్పి దగ్గమన్నాడు. ఇంకోసారి దగ్గమన్నాడు. "హెర్నియానే, ప్యాంటు వేసుకోండి" అన్నాడు. ఎనిమిది నెలల రహస్యం రెండు దగ్గులకి తేలిపోయింది.

కాబట్టి ముందు ఆ రెండు దగ్గులు దగ్గి రండి. ఏ జనరల్ సర్జన్‌కైనా ఇది రోజూ చూసే కేసే. మీరు సిగ్గుపడటం పూర్తయ్యేలోపు ఆయన చూడటం అయిపోతుంది. సర్జన్ దగ్గరికి వెళ్లినంత మాత్రాన ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు కాదు. చేతికి స్పష్టంగా అందకపోతే అల్ట్రాసౌండ్ రాస్తారు. ఆ స్కానింగ్‌లో ఊరికే పడుకుని ఉంటే చాలదు. ముక్కమంటారు, కొన్నిసార్లు నిలబెట్టి చూస్తారు. పడుకుంటే లోపలికి పోయేదాన్ని పడుకోబెట్టి వెతికితే దొరకకపోవచ్చు కదా! అందుకని "పడుకుంటే కనబడదండీ" అన్న మాట స్కానింగ్ చేసేవాళ్లకి మీ నోటితో మీరే చెప్పండి.

అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆగకూడని సందర్భం ఒకటుంది. రోజూ లోపలికి పోయే ఉబ్బు ఏదో ఒక రోజు పోనని మొరాయిస్తే, గట్టిపడి ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి పుడితే, పైన చర్మం ఎర్రగానో నల్లగానో మారితే, దానికి తోడు వాంతులు, జ్వరం, కడుపుబ్బరం, గాలి కూడా కిందికి పోకపోవడం మొదలైతే, పొట్ట గోడలో పడ్డ సందులోంచి బయటికి జారిన పేగు అక్కడ ఇరుక్కుని దానికి రక్తం అందడం ఆగిపోతోందేమో అని అనుమానించాలి. వీటిలో అన్నీ కలిసి రానక్కర్లేదు. అర్ధరాత్రి అయినా సరే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. బలవంతంగా లోపలికి నెట్టకండి. నొప్పి మాత్ర మింగి తెల్లవారేదాకా చూద్దాం అనుకోకండి. వెంటనే ఆపరేషన్ చేయాల్సి రావచ్చు కాబట్టి దారిలో ఏమీ తినకండి, తాగకండి. ఈ సంగతి మీతో పాటు ఇంట్లో ఇంకొకరికైనా తెలిసి ఉండాలి. ఇంట్లో చెప్పమంటున్నది అందుకే, ఓదార్పు కోసం కాదు.

ఇక అసలు లోపల ఏం జరుగుతోందో చూద్దాం. మగవాళ్లకి వృషణం నుంచి పొట్టలోకి వెళ్లే నాళం, రక్తనాళాలు గజ్జల దగ్గర పొట్ట గోడలోంచి ఏటవాలుగా ఉండే ఒక సన్నని దారిలో వెళ్తాయి. గోడకి పుట్టుకతోనే ఉన్న బలహీనమైన చోటు అది. ఆ దారి వదులైతేనో, దాని పక్కన గోడ పలచబడితేనో లోపలి కొవ్వు గానీ పేగు గానీ బయటికి తోసుకొస్తుంది. అందుకే ఇది మగవాళ్లలో ఇంత ఎక్కువ. జీవితకాలంలో నలుగురు మగవాళ్లలో ఒకరికి పైగా ఇది వస్తుందని లెక్క, అందులోనూ కుడివైపే ఎక్కువ. అంటే మీ జిమ్‌లో మీరొక్కరే కాదు, మిగతావాళ్లు కూడా జేబులో చెయ్యి పెట్టుకుంటున్నారంతే.

ఇక్కడే నెట్‌లో దొరికే "వ్యాయామంతో హెర్నియా మాయం" వీడియోల సంగతి తేల్చేయాలి. తెగింది కండరం కాదు. కండరాల మీద పొరలా ఉండే గట్టి కణజాలం విడిపోయి అక్కడ సందు ఏర్పడింది. చొక్కా చిరిగితే లోపలి మనిషి కండలు పెంచినంత మాత్రాన చిరుగు పూడుతుందా? పొట్ట కండరాలు బలపడితే మంచిదే, సందు మాత్రం మూసుకోదు. అలాగని డెడ్‌లిఫ్ట్ వల్లే వచ్చిందని మిమ్మల్ని మీరు తిట్టుకోనక్కర్లేదు. కుటుంబంలో ఉండటం, కణజాలం తీరు, వయసు, ఏళ్ల తరబడి వదలని దగ్గు, ఇవన్నీ కలిసి పని చేస్తాయి. జీవితంలో డంబెల్ ముట్టుకోనివాళ్లకి కూడా బోలెడుమందికి వస్తుంది.

అసలు హెర్నియానే కాకపోవచ్చు కూడా. తొడ లోపలివైపు కండరం లాగినా, తుంటి కీలులో ఇబ్బంది ఉన్నా నొప్పి గజ్జల్లోనే తెలుస్తుంది. అక్కడ లింఫ్ గ్రంథులు వాచినా గోలీకాయల్లా తగులుతాయి. "స్పోర్ట్స్ హెర్నియా" అని ఇంకొకటుంది, పేరులో హెర్నియా ఉంది గానీ ఉబ్బు ఉండదు, నొప్పి మాత్రమే. మీరు చెప్పిన లక్షణాలు, అంటే నిలబడితే వచ్చి పడుకుంటే పోవడం, సాయంత్రానికి బరువెక్కడం, హెర్నియా వైపే వేలు చూపిస్తున్నాయి. అయినా ఉత్తరం చదివి నేను పెట్టే పేరుకీ, చెయ్యి పెట్టి చూసి డాక్టరు చెప్పే పేరుకీ తేడా ఉంది. ఇది చదివే ఆడవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క మాట: మీకు గజ్జల్లో ఇలాంటి ఉబ్బు వస్తే ఒక్క వారం కూడా ఆలస్యం చేయకండి. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే, తొడ మొదట్లో వచ్చే ఫెమోరల్ హెర్నియాలో పేగు ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ.

ఇప్పుడు మీరడిగిన కిలోల దగ్గరికి వస్తాను. ఎన్ని కిలోల దాకా ఫర్వాలేదు అంటే నా దగ్గర అంకె లేదు. ఎందుకు లేదో చెబుతాను.

ఆ సందులోంచి పేగును బయటికి తోసేది బార్ మీది బరువు కాదు, పొట్ట లోపలి ఒత్తిడి. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో 20 మంది ఆరోగ్యవంతుల పొట్టలో ఈ ఒత్తిడిని కొలిచారు. బీపీని కొలిచే కొలతలోనే చెప్పాలంటే, పడుకుంటే 2 దాకా, నిలబడితే సుమారు 20. నిలబడి దగ్గితే వంద దాటింది. ఉన్నచోటే ఎగిరితే 170 దాకా వెళ్లింది. ఇక ఊపిరి బిగబట్టి పెద్ద బరువు ఎత్తేవాళ్లలో 200 దాటిన కొలతలూ ఉన్నాయి. చూశారా, చేతిలో ఒక్క కిలో లేకుండా దగ్గిన మనిషి, పడుకుని ఊపిరి వదులుతూ డంబెల్స్ నెట్టే మనిషి కన్నా ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తున్నాడు. 40 కిలోలు ఊపిరి బిగబట్టి ముక్కుతూ ఎత్తడం కన్నా 60 కిలోలు తేలిగ్గా ఊపిరి వదులుతూ ఎత్తడమే మీ గజ్జలకి నయం కావచ్చు. అందుకే కిలోలకి గీత గీయలేను. గీత ఊపిరి దగ్గర గీయాలి.

నాలుగేళ్లు డెడ్‌లిఫ్ట్ చేసినవాళ్లకి ఇదే కష్టం. బార్ పట్టుకోగానే గుండె నిండా గాలి పీల్చి, గొంతు మూసి, పొట్ట బిర్రబిగించడం మీకు అలవాటైపోయి ఉంటుంది. పెద్ద బరువు కింద వెన్నెముకని కాపాడేది అదే, మీకు నేర్పినవాళ్లు తప్పు నేర్పలేదు. డాక్టరు చూసేదాకా దాన్ని పక్కన పెట్టాలి, అంతే. బరువు కిందికి దించేటప్పుడు ముక్కుతో పీల్చండి, పైకి ఎత్తే కష్టం మొదలవ్వగానే పెదాలు కాస్త ముడిచి, వేడివేడిది ఊదుకుంటున్నట్టు "ఫూ" అని వదలండి. ఎత్తడం అయ్యేదాకా గాలి ఆగకుండా పోతూనే ఉండాలి. ఏ రెప్ (ఒకసారి ఎత్తి దించడం) దగ్గర మీ "ఫూ" ఆగి గొంతులో "ఊఁ" అన్న మూలుగు వచ్చిందో, ఆ రెప్‌తో ఆ సెట్ అయిపోయినట్టే. అక్కడికి ఎన్ని కిలోలైతే అన్ని కిలోలు. మామూలుగా 12–15 రెప్స్ చేశాక ఇంకో నాలుగైదు చేయగలను అనిపించే బరువు దగ్గర ఆగితే ఈ మూలుగు రాదు.

ఈ లెక్కన కొన్ని వాటంతటవే పక్కకి పోతాయి. డెడ్‌లిఫ్ట్, బరువైన స్క్వాట్, నిలబడి తల మీదికి ఎత్తే ప్రెస్, కెటిల్‌బెల్ స్వింగ్, బరువులు మోస్తూ నడవడం, బాక్స్ జంప్‌లు, వేలాడుతూ కాళ్లు పైకెత్తడం, సిటప్స్, చక్రం పట్టుకుని ముందుకి దొర్లించే పొట్ట వ్యాయామం, వీటి జోలికి ఇప్పుడు వెళ్లకండి. లెగ్ ప్రెస్ కూర్చుని చేసేదే కదా అనిపిస్తుంది. మోకాళ్లు పొట్టని నొక్కేదాకా దించి, పెద్ద బరువు పెట్టి ముక్కితే అదీ స్క్వాట్‌కి అన్నలాంటిదే. సగం దాకా దించి తక్కువ బరువుతో చేసుకోండి, గజ్జల్లో లాగితే అదీ వద్దు.

మిగిలేవి తక్కువేం కాదు. వాలుబల్ల మీద డంబెల్ ప్రెస్, ఛాతీ ఆనించి చేసే రోయింగ్, లాట్ పుల్‌డౌన్, కూర్చుని చేసే కేబుల్ రో, చేతుల కర్ల్స్, ట్రైసెప్స్, భుజాలకి తేలిక రైజ్‌లు, కాళ్లకి లెగ్ ఎక్స్‌టెన్షన్, లెగ్ కర్ల్, పిక్కలు. ఒంటికి ఆనుకునే ఆధారం ఉంటే పొట్టకి పని తగ్గుతుంది, అంతకు మించి రహస్యం లేదు. కాలుకి విడివిడిగా చేసే స్టెప్-అప్‌లు బరువు లేకుండా మొదలుపెట్టి చూడండి. నడక ఎంతైనా నడవండి.

ఇందులో నేను బోర్లాపడ్డ చోటొకటి ఉంది. బెంచ్ మీద బుద్ధిగా ఊపిరి వదులుతూ చేసేవాణ్ణి. కానీ ఆ 30 కిలోల డంబెల్స్ నేల మీది నుంచి తొడల మీదికి తెచ్చుకునేటప్పుడు నడుము వంచి, గాలి బిగబట్టి ఒక్క గుంజు గుంజేవాణ్ణి. అయ్యాక మళ్లీ అలాగే నేలకి దించేవాణ్ణి. అంటే రోజుకి ఆరేడు డెడ్‌లిఫ్ట్‌లు లెక్కలో రాయకుండా చేస్తున్నట్టే. బార్‌కి 20 కిలోల ప్లేట్ ఎక్కించడం, ఎవరో వదిలేసిన ప్లేట్లు తీసి సర్దడం, బెంచ్ జరపడం, ఇవన్నీ బరువులే. డంబెల్స్ ర్యాక్ మీంచి నడుము ఎత్తులో అందుకోండి, లేదా పక్కవాణ్ణి అందించమనండి. బెంచ్ మీంచి లేచేటప్పుడు సిటప్‌లా లేవకుండా పక్కకి దొర్లి చేత్తో నెట్టుకుని లేవండి.

ప్రతి సెట్ అయ్యాక నిలబడి అరచేత్తో ఆ చోటు ఒకసారి తడుముకోండి, అద్దానికి వీపు తిప్పే అవసరం లేదు. ముందుకన్నా ఉబ్బు పెద్దదైనా, లాగుడు పెరిగినా, ఆ వ్యాయామం ఆ రోజుకి కాదు, డాక్టరు చూసేదాకా వద్దు. మర్నాడు పొద్దున్నే కూడా చూసుకోండి. జిమ్‌కి వెళ్లిన ప్రతి సాయంత్రం గజ్జల్లో బరువు ఎక్కువగా అనిపిస్తోందంటే నేను చెప్పిన ఈ తేలిక వ్యాయామాలు కూడా మీకు ఎక్కువవుతున్నాయని అర్థం. అప్పుడు నడక ఒక్కటే ఉంచుకోండి.

మీ ట్రైనర్ చెప్పిన బెల్ట్ మాట ఇక్కడ తిరగబడుతుంది. బెల్ట్ పనిచేసేదే పొట్ట లోపలి ఒత్తిడి పెంచి. బరువైన స్క్వాట్‌కి అది సాయం, హెర్నియాకి మాత్రం లోపలి నుంచి తోసే చెయ్యి. మందుల షాపుల్లో దొరికే హెర్నియా పట్టీ వేరే వస్తువు, ఉబ్బుని బయటి నుంచి ఆపుతుంది. దాంతో సందు మూసుకోదు, పట్టీ కట్టుకున్నాం కదా అని బరువు పెంచే ధైర్యం మాత్రం వస్తుంది. డాక్టరు చెబితే తప్ప వద్దు. జిమ్‌కి ముందు నొప్పి మాత్ర అసలే వద్దు. ఇప్పుడు మీకు ఎక్కడ ఆగాలో చెప్పే గుర్తుల్లో ఆ నొప్పి ఒకటి.

జిమ్ బయటి సంగతి కూడా ఉంది. మలబద్ధకంతో రోజూ పొద్దున్నే ముక్కేవాళ్లు, పొగతాగి దగ్గేవాళ్లు, జలుబు చేసి వారం దగ్గినవాళ్లు జిమ్‌లో ఎంత జాగ్రత్త పడినా లెక్క సరిపోదు. పీచు, నీళ్లు పెంచండి, దగ్గు ఉంటే మందు వాడండి. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు ఆ చోట అరచేత్తో అదిమి పట్టుకోండి. వయసు పైబడినవాళ్లకి మూత్రం కోసం ముక్కాల్సి వస్తుంటే అదీ డాక్టరుకి చెప్పాల్సిన విషయమే.

నాలుగేళ్ల కష్టం పోతుందన్న భయం నాకు బాగా తెలుసు. ఎనిమిది నెలలు నోరు మూయించింది అదే. రెండు మూడు వారాల విరామానికి బలం చెప్పుకోదగ్గంతగా తగ్గదు. ఆ తర్వాత తగ్గినా మొదట సంపాదించడానికి పట్టిన కాలం తిరిగి తెచ్చుకోడానికి పట్టదు. కండరానికి పాత రోజులు గుర్తుంటాయి.

డాక్టరు హెర్నియా అన్నారే అనుకుందాం. రేపే ఆపరేషన్ అనేమీ కాదు. ఇబ్బంది అంతగా లేని మగవాళ్లు 720 మందిని తీసుకుని, కొందరికి ఆపరేషన్ చేసి, కొందరిని ఊరికే గమనిస్తూ ఉంచిన ఒక అమెరికన్ అధ్యయనం 2006లో వచ్చింది. ఊరికే గమనించినవాళ్లలో పేగు ఇరుక్కుని ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు చాలా అరుదు. కానీ వాళ్లలో దాదాపు నాలుగో వంతు మంది రెండేళ్లలోనే ఆపరేషన్ చేయించుకున్నారు, పదేళ్లయ్యేసరికి మూడింట రెండు వంతుల మంది. ఎక్కువమందిని ఆపరేషన్‌కి నడిపించింది పెరిగిన నొప్పే. నా అభిప్రాయం అడిగితే, మళ్లీ 140 కిలోలు ఎత్తాలనుకునే 34 ఏళ్ల మనిషికి "చూద్దాం" అన్నది ఎక్కువ కాలం నిలిచే మాట కాదు. ఎప్పుడన్నది మీరూ సర్జనూ కూర్చుని తేల్చుకోవాలి.

ఆపరేషన్‌లో ఎక్కువగా సందు మీద మెష్ అనే వల పరిచి కుడతారు లేదా అతికిస్తారు. కోత పెట్టి ఒక పద్ధతి, లాపరోస్కోపీతో ఇంకొకటి. ఆ తర్వాత జీవితాంతం బరువు ఎత్తకూడదన్నది పాత మాట. 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా నొప్పి అనుమతించినంత మేరకు త్వరగా మామూలు పనుల్లోకి రావచ్చనే అంటున్నాయి. మామూలు పనులంటే డెడ్‌లిఫ్ట్ కాదు, అది మీ సర్జన్ చెప్పే తేదీని బట్టే. నేను ఖాళీ బార్‌తో మొదలుపెట్టాను. పక్కన కొత్తగా చేరిన పిల్లలు జాలిగా చూశారు. కొద్దిమందికి ఆపరేషన్ తర్వాత కూడా ఆ చోట నొప్పి నెలల తరబడి వదలదు, ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోండి. డాక్టరుతో "జిమ్‌కి వెళ్తానండీ" అని ఊరుకోకండి, ట్రెడ్‌మిల్ అనుకుంటారు. "నేల మీంచి 140 కిలోలు ఎత్తుతాను, మళ్లీ ఎత్తాలి, ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలి?" అని అంకెతో అడగండి.

ఈ వారం డెడ్‌లిఫ్ట్ రోజునే డాక్టరు రోజు చేసుకోండి, ఎలాగూ ఖాళీయే కదా. వదులుగా ఉండే ప్యాంటు వేసుకోండి. వీలైతే సాయంత్రం వెళ్లండి, ఆ వేళకి ఉబ్బు బాగా బయటికి వచ్చి ఉంటుంది. దగ్గమన్నప్పుడు మాత్రం మొహమాటపడకుండా గట్టిగా దగ్గండి.